చదవలేని పిల్లల దగ్గర నేర్చుకున్నది

టెక్సాస్‌లో, డాలస్ చుట్టుపక్కల బడుల్లో, నా ఉద్యోగ జీవితమంతా చిన్న తరగతుల పిల్లల మధ్యే గడిచింది. మొదట టీచరుకు సహాయకురాలిని, తరువాత టీచరును, చివరి సంవత్సరాల్లో చదవడం పట్టుబడక వెనకబడిన పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టుకుని నేర్పేదాన్ని. విశ్రాంతి తీసుకుంటున్న ఈ వయసులోనూ ఫ్రిస్కో నుంచో ఇర్వింగ్ నుంచో ఎవరో ఒక తల్లి ఫోన్ చేస్తూనే ఉంటుంది. "ఆంటీ, మావాడు సెకండ్ గ్రేడ్‌కి వచ్చాడు. లెక్కలు చకచకా చేస్తాడు. కథ చెబితే అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ఏడుపే. ఎందుకిలా?" ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు వేరు. ఈ రోజు చెప్పే జవాబు వేరు. ఆ తేడాకు మూల్యం చెల్లించింది నేను కాదు, నా ముందు కూర్చున్న పిల్లలు. అందుకే ఇవి రాస్తున్నాను.

1. మాట దానంతటదే వస్తుంది, చదువు నేర్పితేనే వస్తుంది.

నలుగురూ మాట్లాడుకునే ఇంట్లో పెరిగే బిడ్డకు మాట నేర్పే పనే లేదు. చదవడం అలా కాదు. మనిషి మాట్లాడటం మొదలుపెట్టి ఎన్ని వేల తరాలు గడిచాయో! రాత పుట్టి మాత్రం ఐదు వేల ఏళ్ళకు కాస్త అటూ ఇటూ. మన తెలుగునే చూడండి. జనం నోట ఎంతో కాలం నలిగాక గాని, 575 ప్రాంతంలో, కడప సీమలోని కలమళ్ళలో పూర్తి తెలుగులో ఒక శాసనం పడలేదు. అంత కొత్త విద్యకు మెదడులో పుట్టుకతో కేటాయించిన చోటంటూ లేదు. ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే ఎడమవైపు భాగంలో కొంత మేరను ప్రతి బిడ్డా కొత్తగా అక్షరాల కోసం మలుచుకోవాలని స్టానిస్లాస్ దెహేన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. ఆ మార్పు కొందరిలో నెలల్లో జరిగిపోతుంది. కొందరిలో ఏళ్ళు పడుతుంది, అదీ పక్కన కూర్చుని పద్ధతిగా నేర్పేవాళ్ళుంటేనే. ఇంటినిండా పుస్తకాలుంటే, రోజూ చదివి వినిపిస్తే చదువు దానంతటదే అబ్బుతుందని చాలాకాలం నమ్మాను, తల్లిదండ్రులకూ అదే చెప్పాను. చదివి వినిపించడం మానకండి, దానివల్ల పదసంపద పెరుగుతుంది. కానీ అక్షరానికీ శబ్దానికీ ఉన్న ముడి ఎవరో ఒకరు విప్పి చూపించాల్సిందే.

2. చిక్కు కంట్లో కన్నా శబ్దంలో ఎక్కువ.

'బి'ని 'డి'గా రాస్తున్నాడని కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తిన తల్లులను ఎందరినో చూశాను. చూపూ వినికిడీ పరీక్ష చేయించండి, తప్పనిసరిగా. ఆ తిరగరాతలు ఆరేడేళ్ళ దాకా చాలామంది పిల్లల్లో ఉండేవే. కానీ కంటి వ్యాయామాలకూ రంగు అద్దాలకూ వేల డాలర్లు పోయకండి. డిస్లెక్సియా అనే పఠన వైకల్యానికి అవి పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలతో కలిసి 2009లో స్పష్టంగా చెప్పింది.

ఈ కంటి భ్రమ పాతదే. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు పద్నాలుగేళ్ళ కుర్రవాడి గురించి రాశాడు. చురుకైనవాడు, చదువంతా నోటితోనే చెబితే బడిలో అందరికన్నా ముందుంటాడని అతని మాస్టరే అన్నాడు. కానీ చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. మోర్గన్ దానికి పుట్టుకతో వచ్చిన 'పద అంధత్వం' అని పేరు పెట్టాడు. ఆ పేరు చాలాకాలం అందరినీ కంటివైపే చూడనిచ్చింది. 1970లలో కనెటికట్‌లో ఇజబెల్ లిబర్‌మన్ బృందం దృష్టిని చెవివైపు తిప్పింది. ఒక మాట వినిపించి, అందులో ఎన్ని ధ్వనులున్నాయో బల్ల మీద అన్నిసార్లు తట్టమన్నారు. నాలుగేళ్ళ పిల్లల్లో ఒక్కరూ తట్టలేకపోయారు. ఐదేళ్ళవాళ్ళలో 17 శాతం, ఆరేళ్ళవాళ్ళలో 70 శాతం తట్టగలిగారు. 'క్యాట్' అన్నది మనకు మూడు ధ్వనులు. చదవలేని బిడ్డకు అది విడదీయరాని ఒకే ముద్ద. ముద్దగా వినిపించినదానికి మూడు అక్షరాలు ఎందుకు కావాలో వాడికెలా తెలుస్తుంది?

ఇక్కడ మన తెలుగువాళ్ళు పొరబడే చోటు ఒకటుంది. "మేము ఒకటో తరగతిలోనే తెలుగు చదివేశాం, వీడికి ఇరవయ్యారు అక్షరాలు రావడం లేదా" అంటారు. తెలుగులో 'క' అంటేనే హల్లూ అచ్చూ కలిసిన పలుకు, దాన్ని చీల్చి వినే అవసరం మొదట్లో పెద్దగా రాదు. మనకు కష్టం వేరే చోట ఉంటుంది. గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే గుర్తులు వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో అక్షరాలన్నీ గట్టిపడటానికి నాలుగైదు తరగతుల దాకా పడుతోందని తేలింది. తెలుగు లిపీ కన్నడ లిపీ అక్కచెల్లెళ్ళు కాబట్టి మన పిల్లల సంగతీ దాదాపు ఇంతే అనుకుంటాను. ఇంగ్లీషులో గుర్తులు తక్కువ, చిక్కులు ఎక్కువ. ఇరవయ్యారు అక్షరాలతో నలభై నాలుగు దాకా ధ్వనులు రాయాలి. 2003లో యూరప్ భాషల పిల్లలను పోల్చి చూస్తే, మొదటి ఏడాది ముగిసేసరికి ఫిన్లండు పిల్లలు తెలిసిన మాటల్లో 98 శాతం సరిగా చదివారు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న స్కాట్లండు పిల్లలు చదివింది 34 శాతం. ఆ పిల్లలకు తెలివి తక్కువై కాదు కదా!

3. చదవడం రానివాణ్ణి మొద్దు అనకండి.

మా తమ్ముడికి ఒకసారి విన్న పద్యం వచ్చేసేది. పలక మీద రాసింది మాత్రం పట్టుబడేది కాదు. తెనాలి దగ్గర మా ఊరి బడిలో వాడి పేరు 'మొద్దు'గానే స్థిరపడిపోయింది. ఇంట్లోనూ అదే పిలుపు. నాకు చదువు బాగా వచ్చేది. వాడు తడబడే పాఠాన్ని వాడి ఎదుటే గడగడా చదివి నాన్నగారి మెప్పు పొందేదాన్ని. వాడు ఎనిమిదో తరగతిలో బడి మానేసి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనికి చేరాడు. ఇంజిను శబ్దం విని లోపం ఎక్కడుందో చెప్పగలవాడని పేరు తెచ్చుకున్నాడు. తెలుగు లాంటి నిక్కచ్చి లిపిలో డిస్లెక్సియా ఉన్నవాళ్ళు తప్పులు చదవడం తక్కువ, నత్తనడకగా చదవడం ఎక్కువ. వాడిది అదేనని నాకు అర్థమయ్యేసరికి ఇద్దరమూ యాభై దాటాం. చెప్పాను. "అప్పుడే ఎవరైనా చెప్పుంటే బాగుండేదక్కా" అన్నాడు, అంతే.

డిస్లెక్సియాకు తెలివితేటలతో సంబంధం లేదు. కుటుంబాల్లో మాత్రం దిగుతుంది. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకూ రావడానికి మిగతా పిల్లలకన్నా ఎక్కువ అవకాశం ఉంది. కాబట్టి ఏ మేనమామ బడి మానేశాడో, ఏ బాబాయి ఉత్తరం రాయమంటే తప్పించుకునేవాడో దాచకుండా చెప్పుకోండి. బిడ్డకు పరీక్ష చేసేవాళ్ళు మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి.

మన సమాజంలో ఈ మాట బయటికి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. 1985లో బాలు నటరాజన్ గెలిచిన నాటి నుంచి స్పెల్లింగ్ బీ భారతీయుల ఇళ్ళలో ఒక పండుగ. చిట్టూరి రత్నంగారు స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఎన్నో ఊళ్ళలో పిల్లలను ఆ పోటీకి తయారు చేసింది. మా డాలస్ ప్రాంతం నుంచే 2003లో సాయి గుంటూరి, 2018లో మెకిన్నీ నుంచి కార్తీక్ నెమ్మాని, 2025లో ఆలెన్ నుంచి ఫైజాన్ జాకీ జాతీయ విజేతలయ్యారు. వాళ్ళను చూసి నేనూ మురిసిపోయినదాన్నే. కానీ అదే వీధిలో, కొన్నిసార్లు అదే ఇంట్లో, నాలుగక్షరాల మాట దగ్గర ఆగిపోయిన మరో బిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ పేరు ఏ విందులోనూ వినిపించదు. విజేతను చూపించి ఆ బిడ్డను మందలించకండి.

4. ఊహించి చెప్పేది చదువు కాదు.

నా మనసును ఎక్కువగా బాధించే పాఠం ఇదే. నన్ను టీచరుగా తయారు చేసిన రోజుల్లో, తెలియని మాట వస్తే బిడ్డతో "బొమ్మ చూడు, మొదటి అక్షరం చూడు, ఏ మాట పెడితే అర్థం కుదురుతుందో ఆలోచించు" అనమని నేర్పారు. అమెరికాలో కెన్ గుడ్‌మన్, న్యూజిలాండులో మేరీ క్లే రాసినవాటి నుంచి పెరిగిన పద్ధతి అది. గుర్రం బొమ్మ ఉంటుంది, కింద 'హార్స్' అని ఉంటుంది. బిడ్డ 'పోనీ' అంటాడు. అర్థం కుదిరింది కదా అని మెచ్చుకునేదాన్ని. ఫస్ట్ గ్రేడ్, సెకండ్ గ్రేడ్ అలా గడిచిపోయేవి. జ్ఞాపకశక్తి ఉన్న పిల్లలు పుస్తకం మొత్తం కంఠస్థం చేసి చదివినట్టే కనిపించేవారు. థర్డ్ గ్రేడ్‌లో బొమ్మలు పోయి మాటలు పొడవయ్యేసరికి వాళ్ళ దగ్గర ఏ ఆధారమూ మిగిలేది కాదు. అప్పుడు వాళ్ళను నా దగ్గరికే పంపేవారు.

హెచ్చరికలు లేక కాదు. జానీ ఎందుకు చదవలేకపోతున్నాడని రుడాల్ఫ్ ఫ్లెష్ 1955లోనే పుస్తకం రాశాడు. 1967లో హార్వర్డ్‌కు చెందిన జీన్ చాల్ పరిశోధనలన్నీ తిరగేసి, అక్షరం-శబ్దం ముడిని మొదటే, పద్ధతిగా నేర్పాలని తేల్చింది. 2000లో జాతీయ పఠన మండలి నివేదిక ఐదు సంగతులు చెప్పింది: మాటలోని ధ్వనులను విడదీసి వినడం, అక్షరాన్ని ధ్వనితో కలపడం, ధారగా చదవడం, పదసంపద, అర్థం చేసుకోవడం. మొదటి రెండింటినీ మేము పైపైన తడిమి వదిలేశాం. 2022లో ఎమిలీ హాన్‌ఫర్డ్ అనే విలేఖరి పాడ్‌కాస్ట్ కథనాల పరంపరగా ఈ చరిత్రంతా వినిపించింది. అది వింటూ నేను నా పాత తరగతి పిల్లల ముఖాలను గుర్తుచేసుకున్నాను.

కాబట్టి వెనకబడిన ప్రతి బిడ్డకూ డిస్లెక్సియా ఉన్నట్టు కాదు. 2024 జాతీయ పరీక్షల్లో ఫోర్త్ గ్రేడ్ పిల్లల్లో 31 శాతమే చదవడంలో నిర్దేశించిన ప్రావీణ్య స్థాయికి చేరారు. 40 శాతం కనీస స్థాయికీ దిగువన ఉన్నారు. అంతమంది మెదడులో లోపం ఉండదు. వాళ్ళలో ఎందరికో ఎవరూ సరిగా నేర్పలేదు. నేర్పితే ఏమవుతుందో మిసిసిపీ చూపించింది. ఆ పేద రాష్ట్రం 2013లో చట్టం చేసింది. టీచర్లకు మళ్ళీ శిక్షణ ఇచ్చింది, బడులకు మార్గదర్శకులను పంపింది, చదవడం రాని బిడ్డను థర్డ్ గ్రేడ్ దాటనివ్వలేదు. ఫోర్త్ గ్రేడ్ చదువులో అప్పుడు 49వ స్థానంలో ఉన్న రాష్ట్రం 2019కి 29వ స్థానానికి వచ్చింది. మీ బిడ్డ మాటను అక్షరం వెంట అక్షరంగా పలికి చదువుతున్నాడా, బొమ్మ చూసి చెబుతున్నాడా అన్నది మీరే కనిపెట్టవచ్చు. బొమ్మను చేత్తో మూసి చదవమనండి, తెలిసిపోతుంది.

5. ఆగి చూస్తే ఏళ్ళు పోతాయి.

"మగపిల్లలు నిదానం", "వచ్చే ఏటికి అదే వస్తుంది", "వాళ్ళ నాన్నా అంతే". ఈ మూడు మాటలూ నేను తల్లిదండ్రులతో అన్నవే. వాళ్ళు ఊరట పొందారు. కానీ కోనీ జ్యూల్ అనే పరిశోధకురాలు మా టెక్సాస్‌లోనే, ఆస్టిన్‌లోని ఒక బడిలో 54 మంది పిల్లలను ఫస్ట్ గ్రేడ్ నుంచి ఫోర్త్ గ్రేడ్ దాకా వెంట ఉండి గమనించి, 1988లో ఫలితాలు ప్రచురించింది. ఫస్ట్ గ్రేడ్ చివర చదవడంలో వెనకబడిన బిడ్డ ఫోర్త్ గ్రేడ్ చివర కూడా వెనకే ఉండే అవకాశం 88 శాతమని తేలింది. ఆ అధ్యయనం అచ్చయిన తరువాత కూడా నేను ఆగి చూడమన్నాను. కిండర్‌గార్టెన్‌లో ప్రాసమాటలు పట్టుకోలేకపోవడం, అక్షరాల పేర్లు నెలల తరబడి నిలవకపోవడం, ఇంట్లో ఎవరికో ఇదే ఇబ్బంది ఉండటం... ఈ మూడూ కలిస్తే ఇక ఆగవద్దు.

6. ఇంటి భాష మీద నింద మోపకండి.

మా చిన్నవాడు చదవడంలో తడబడుతుంటే, "ఇంట్లో రెండు భాషలు వద్దు, ఇంగ్లీషే మాట్లాడండి" అని వాడి టీచరు సలహా ఇచ్చింది. ఆమె మంచిదే, ఆ రోజుల్లో అందరూ అదే నమ్మేవారు. నేనూ వృత్తిలో ఉన్నదాన్నే అయ్యుండీ తలూపాను. ఇంట్లో తెలుగు ఆగిపోయింది. వాడి చదువు మెరుగుపడింది మాత్రం ఆ త్యాగం వల్ల కాదు. తరువాత ఒక ట్యూటర్ ఆర్టన్-గిలింగ్‌హామ్ పద్ధతిలో ధ్వని ధ్వనిగా నేర్పడం వల్ల. వాడు ఇప్పుడు బాగా చదువుతాడు. కానీ మా అమ్మ చివరిసారి డాలస్ వచ్చినప్పుడు వాడితో ఆమెకు మాట లేదు. పక్కపక్కన కూర్చుని టీవీ చూసేవారు.

రెండు భాషలు పఠన వైకల్యాన్ని పుట్టించవు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పండితులు చదువును ఒక గుణకారంగా చెప్పారు: అక్షరాలను ధ్వనులుగా కూడబలుక్కుని మాటను పలకగలగడం ఒకటి, విన్న భాషను అర్థం చేసుకోగలగడం ఒకటి. ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. ఆ రెండోదాన్ని తెలుగు కథలు, అమ్మమ్మ కబుర్లు నిండుగా పెంచుతాయి. అంత్యాక్షరి ఆడండి, మాట చివరి పలుకును పట్టుకోవడం అందులోనే వస్తుంది. ప్రాసల పాటలు పాడించండి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి తరగతులు ఇప్పుడు ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి. చదవడంలో వెనకబడిన బిడ్డ అయితే రాత పరీక్షల ఒత్తిడి లేకుండా, వినడం, మాట్లాడటం దాకా సాగనివ్వమని అక్కడి గురువులను అడగండి. మాన్పించకండి.

7. చదవలేకపోయినా బిడ్డకు కథ ఆగకూడదు.

సామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అన్నా గిలింగ్‌హామ్ అనే టీచరు 1930లలో రూపొందించిన పద్ధతిలో బిడ్డ అక్షరాన్ని చూస్తూ, పలుకుతూ, వేలితో దిద్దుతాడు. ఇసుకలో దిద్దుతూ పైకి పలికించిన మన వీధిబడుల్లో పెరిగినవాళ్ళకు ఇదేమీ వింత కాదు. ఈ పని నెమ్మదిగా సాగుతుంది, ఏళ్ళు పట్టవచ్చు. ఈలోగా తోటివాళ్ళు పుస్తకాల్లోంచి లోకం తెలుసుకుంటుంటే మీ బిడ్డ ఖాళీగా ఉండకూడదు. బుక్‌షేర్ అనే సంస్థ చదవడంలో వైకల్యం నిర్ధారణైన అమెరికా విద్యార్థులకు వినే పుస్తకాలను ఉచితంగా ఇస్తుంది. వినడం మోసం కాదు. సాయంత్రం పుస్తకం ముందు ఏడిపించే గంటను తగ్గించి, ఆ గంటలో కథ వినిపించండి.

8. నోటితో అడిగింది గాలికి పోతుంది, కాగితం మీద అడిగింది నిలుస్తుంది.

వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ తగిన చదువు ఉచితంగా అందాలని ఈ దేశం 1975లో చట్టం చేసింది. ఈనాడు ఐడియా అని పిలిచేది దాని వారసురాలే. ప్రత్యేక బోధన కావాలంటే ఆ చట్టం కింద బిడ్డ కోసం రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే ఐఈపీ, ఉంది. పరీక్షల్లో అదనపు సమయం లాంటి సౌకర్యాలు చాలనుకుంటే 1973 నాటి చట్టంలోని 504వ సెక్షన్ ఉంది. టెక్సాస్‌లో 1985 నుంచే డిస్లెక్సియా చట్టం ఉంది. కిండర్‌గార్టెన్ చివర ఒకసారి, ఫస్ట్ గ్రేడ్‌లో జనవరి 31లోగా ఒకసారి ప్రతి బిడ్డనూ పరిశీలించాలి. ఆ ఫలితం అడిగి తీసుకోండి.

చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం నడిచి రాదు. ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టుగా మా రాష్ట్ర విద్యాశాఖ 2004 నుంచి ఒక కొలబద్ద పెట్టింది. అప్పట్లో దేశ సగటు 13 శాతం దగ్గరుండేది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది, 2018లో కేంద్రం అది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ ఏళ్ళలో ఎన్నో వేల మంది పిల్లలకు సాయం అందలేదు. నోరు తెరిచి అడగని ఇళ్ళ పిల్లలే ముందుగా నష్టపోయారు, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

మనవాళ్ళ భయాలు నాకు తెలుసు. రికార్డులో పడితే కాలేజీ సీటు పోతుందంటారు. ఆ కాగితాలు తమంతట తాము ఏ కాలేజీకీ వెళ్ళవు. 1974 నాటి చట్టం వాటిని గోప్యంగా ఉంచుతుంది. వీసాకు ఇబ్బంది అంటారు. బడి పరీక్షకూ వీసాకూ సంబంధం లేదు. టెక్సాస్ నుంచే వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 1982లో ఏ బిడ్డ ఇమిగ్రేషన్ హోదా చూసి కూడా బడిని నిరాకరించరాదని చెప్పింది. ఇంగ్లీషు బాగా రాని అమ్మమ్మ, తాతయ్య పెంచుతున్నా బడిలో జరిగే సమావేశానికి అనువాదకుణ్ణి అడిగే హక్కుంది.

అందుకని, అమ్మా, నాయనా, ఈ వారంలోనే ఒక ఉత్తరం రాయండి. బిడ్డ పేరు, తరగతి, ఇంట్లో మీరు గమనించినవి నాలుగు వాక్యాల్లో పెట్టండి. "చదవడంలో వైకల్యం, డిస్లెక్సియా ఉన్నాయేమో పూర్తి పరీక్ష చేయమని కోరుతున్నాం" అని స్పష్టంగా రాయండి. తేదీ వేసి ప్రిన్సిపాల్‌కూ, జిల్లా ప్రత్యేక విద్యా విభాగానికీ ఈమెయిల్‌లో పంపండి, నకలు దాచుకోండి. టెక్సాస్‌లో 15 బడి పనిదినాల్లోగా మీకు జవాబివ్వాలి. మీరు సంతకం చేసి ఒప్పుకున్న తరువాత 45 బడి పనిదినాల్లోగా పరీక్ష పూర్తి చేయాలి. వేరే రాష్ట్రంలో ఉంటే, సొంత గడువు లేనిచోట కేంద్ర చట్టం ప్రకారం 60 రోజులు. "ముందు కొన్నాళ్ళు ఇంకేదైనా ప్రయత్నించి చూద్దాం" అంటే ప్రయత్నించమనండి, కానీ దాని పేరు చెప్పి పరీక్షను వాయిదా వేయడానికి ఒప్పుకోకండి. ఒక పైసా కూడా మీరు కట్టనక్కర్లేదు.